సీటు కుట్టు

డ్రైవరు ఇంటికి ఎవరొచ్చినా సరే, మంచినీళ్ళ గ్లాసు చేతికందేలోపే కూతురి బీరువా చూసి తీరాల్సిందే. "రండి, రండి, మా పిట్ట బట్టలు చూద్దురుగాని" అంటూ ఆయన ముందు నడిచేవాడు. ఆ బీరువా తెరవడం ఒక ఎత్తు, మళ్ళీ మూయడం ఒక ఎత్తు. తలుపు కాస్త కదిలితే చాలు, ఏ చొక్కానో ఏ గౌనో వచ్చినవాళ్ళ పాదాల మీద పడేది. ఆయన దాన్ని తీసి, దులిపి, లోపలికి కుక్కి, భుజంతో తలుపు నెట్టి, "చోటు చాలట్లేదండీ, ఇంకోటి కొనాలి" అని మురిసిపోయేవాడు.

"ఏమండీ, అదేమన్నా ఎగ్జిబిషనా? టికెట్టన్నా పెట్టండి, నా చేతిఖర్చుకి వస్తుంది" అని భార్య వంటింట్లోంచి అరిచేది. ఆయన చెవిన వేసుకునేవాడు కాదు.

ఆ మురిపానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఆయన వంతుకి కొత్త చొక్కా అంటూ ఒక్కటీ రాలేదు. పెద్దన్నయ్య వేసుకున్నది రెండో అన్నయ్యకి, రెండో అన్నయ్య విడిచింది ఆయనకి. ఆయన దాకా వచ్చేసరికి అందులో చొక్కా కంటే అతుకులే ఎక్కువ ఉండేవి. బడిలో పిల్లలు ఆయన అసలు పేరు మరిచిపోయి "అతుకుల బొంత" అని పిలిచేవారు. మేష్టారు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచారు. నా కడుపున పుట్టిన పిల్ల మాత్రం ఒకరు విడిచిన బట్ట తొడగకూడదని ఆయన అప్పుడెప్పుడో అనుకున్నాడు. సిటీ బస్సు నడిపి, ఓవర్‌టైములు చేసి, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

కూతురికి పిట్ట అని పేరు పెట్టింది ఆయనే. చంటిదిగా ఉన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు. చదువైపోయాక పిట్ట బజారులోని పెద్ద బట్టల షాపులో ఉద్యోగానికి చేరింది. వచ్చిన సరుకు మడతపెట్టడం, హ్యాంగర్లకి తగిలించడం, జనం పీకి పారేసినవి మళ్ళీ సర్దడం ఆమె పని. అక్కడ వారం వారం కొత్త రకాలు దిగుతాయి. ఉద్యోగులకి తక్కువ ధరకి ఇస్తారు. ఇక చెప్పేదేముంది, పిట్ట ఇంటికి వచ్చిందంటే వెనకే ఒక కవరు కూడా వచ్చేది.

అలాంటిది ఒకరోజు సాయంత్రం పిట్ట ఉత్త చేతులతో వచ్చింది. వచ్చీ రావడంతోనే చెప్పులు విప్పి, బీరువా ముందు నేల మీద చతికిలబడి, ఉన్న బట్టలన్నీ బయటికి లాగడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరుకి గదిలో కాలు మోపే చోటు కనబడలేదు.

"ఏమ్మా, దొంగలు పడ్డారా ఏంటి?"

"లేదు నాన్నా. నా దగ్గర ఏమేం ఉన్నాయో చూసుకుంటున్నా. సగం నాకే గుర్తులేవు. ఇదిగో, దీనికి ధర చీటీ కూడా ఊడదీయలేదు."

"అయితే రేపు వేసుకో. దానికింత రాద్ధాంతం దేనికి?"

"ఇక కొనను నాన్నా. ఉన్నవే వేసుకుంటా."

"జీతం ఆపేశారా?"

"అదేం కాదు."

ఆ మాట వినగానే వాళ్ళమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇప్పటికి బుద్ధొచ్చింది తల్లీ. అటక మీద ఇంకో రెండు సంచులున్నాయి, అవి కూడా దింపనా?" అంటూ స్టూలు కోసం పరిగెత్తింది.

ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారిపోయింది. పిట్ట బట్టల్ని తిరగేసి చన్నీళ్ళలో జాడించడం, ఎండ తగలకుండా నీడన ఆరేయడం నేర్చుకుంది. ఇదివరకు ఒక ఉతుకుకే వెలిసిపోయేవి, ఇప్పుడు రంగు పట్టుకుని నిలబడ్డాయి. ఒకనాడు డ్రైవరు గడ్డం గీసుకుందామని చూస్తే రేజరు కనబడలేదు. పిట్ట దాంతో స్వెట్టరు మీద లేచిన ఉండల్ని మెల్లగా గీస్తోంది.

"అది నా గడ్డానికమ్మా!"

"నీ గడ్డం కంటే దీనికే అవసరం నాన్నా. చూడు, ఎంత నున్నగా అయిందో."

పొడుగు చొక్కాని గౌను మీద కోటులా తొడుక్కునేది. పొట్టి అయిపోయిన గౌనుని ప్యాంటు మీద టాపులా వేసుకునేది. అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి, తనలో తనే నవ్వుకునేది. డ్రైవరుకి మాత్రం ఏదో వెలితిగా ఉండేది. పిట్ట అన్నీ షాపులోలా మడతపెట్టి సర్దడంతో బీరువా తలుపు ఇప్పుడు వేలితో నెట్టినా మూసుకుంటోంది. చుట్టాలొస్తే చూపించాలనీ అనిపించడం లేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక, మేనల్లుడి పుట్టినరోజని డ్రైవరు చెల్లెలు అందర్నీ పిలిచింది. చెల్లెలి మనసు వెన్న. నోటికే బ్రేకుల్లేవు. పిట్ట తనకి బాగా ఇష్టమైన నీలం గౌను వేసుకుంది. కేకు ముక్కలు పంచుతూ వచ్చిన చెల్లెలు పిట్ట ముందు ఆగి, పైనుంచి కిందికి చూసి, పదిమందికీ వినబడేలా అంది.

"ఏంటన్నయ్యా, పిల్లకి బట్టలు కొనడం మానేశావా? పోయిన పుట్టినరోజుకీ ఇదే గౌను, మేం కొత్తింట్లో చేరినప్పుడూ ఇదే గౌను. ఫోటోలు పక్కపక్కన పెడితే అన్నీ ఒకే పూట తీసినట్టున్నాయి!"

అందరూ గొల్లుమన్నారు. పిట్ట కూడా నవ్వేసి, "నాకిదంటే అంత ఇష్టం అత్తా. ఇంకా చాలా ఫోటోల్లో చూస్తావులే" అంది. కానీ డ్రైవరుకి తల కొట్టేసినట్టయింది. చేతిలోని కేకు ముక్కని పక్కన పెట్టేశాడు. ఆ నవ్వుల మధ్య "అతుకుల బొంత" అని ఎవరో పిలిచినట్టే అనిపించింది.

మర్నాడు డ్యూటీ దిగగానే ఆయన ఇంటికి రాలేదు. పిట్ట పనిచేసే షాపు కాకుండా ఇంకో షాపుకి వెళ్ళి, గాజు వెనక బొమ్మకి తొడిగి ఉన్న తళతళలాడే గౌను, అదే కావాలని పట్టుబట్టి, బొమ్మ ఒంటి మీంచి విప్పించి మరీ తెచ్చాడు. పిట్ట దాన్ని విప్పి చూసింది, మళ్ళీ మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి? నువ్వు తొడుక్కోవడానికి."

"చెప్పాను కదా, నాకొద్దని."

"నీకొద్దు సరే, నా పరువేం కావాలి? నిన్న మీ అత్త అంతమందిలో అన్న మాట నువ్వూ విన్నావుగా. నేనేదో తాగి తగలేసి పిల్లకి బట్ట కొనట్లేదని అనుకోరూ? నేనెంత కష్టపడి..." ఆయన గొంతు పైకి లేచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు పిట్ట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పింది.

"మా షాపు వెనక ఒక గది ఉంది నాన్నా. సీజన్ దాటినవి, అమ్ముడుపోనివి, కొన్నవాళ్ళు వెనక్కి తెచ్చినవి అన్నీ అక్కడికే చేరతాయి. ఒకరోజు మా సూపర్‌వైజరు మేడమ్ నా చేతికి కత్తెరిచ్చి, 'వీటన్నిటినీ నిలువుగా కోసెయ్, బయట ఎవరూ ఏరుకుని వేసుకోకూడదు' అంది. కొత్తవి నాన్నా. ఎవ్వరూ ఒక్కసారి తొడుక్కోలేదు వాటిని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తూనే ఉన్నా. వేళ్ళు బొబ్బలెక్కాయి. నీకు చూపించలేదు."

డ్రైవరు మంచం అంచున కూలబడ్డాడు.

"కోస్తుంటే మధ్యలో నా నీలం గౌను వచ్చింది. అచ్చం అదే, అదే రంగు, అదే సైజు. ఒకటి కాదు, కట్టలు కట్టలు. వాటినీ కోశా. చెత్తబండి వచ్చి ఎత్తుకుపోయింది. ఆ రోజే ఇంటికొచ్చి బీరువా ఖాళీ చేసుకున్నా. నేను కొంటున్నకొద్దీ వాళ్ళు తెస్తారు, తెస్తున్నకొద్దీ కోస్తారు. నా వరకు నేను ఆపేశా. ఆ నీలం గౌనుని మాత్రం పీలికలయ్యేదాకా వేసుకుంటా నాన్నా. దాని అక్కచెల్లెళ్ళందర్నీ నా చేతులతోనే కోశాను మరి."

డ్రైవరు లేచి గౌను తెచ్చిన కవరు అందుకున్నాడు. "పోనీ, ఇది వెనక్కిచ్చేసి వస్తాలే."

"వెనక్కిచ్చినవీ ఆ గదికే పోతాయి నాన్నా. ఆ షాపులోనూ అలాంటి గది ఉండకపోదు." పిట్ట ఆ తళతళల గౌనుని ఎత్తి ఒంటికి పెట్టి చూసుకుంది. "తెచ్చావు కాబట్టి వేసుకుంటా. కానీ ఏళ్ళ తరబడి వేసుకుంటా. అప్పుడు మాత్రం పరువు గిరువు అని అనకూడదు."

"బాగా వేశావమ్మా శిక్ష" అంది వాళ్ళమ్మ గుమ్మంలోంచి.

ఆ వారమంతా డ్రైవరు బస్సు నడుపుతున్నాడే గాని మనసు ఆ గది చుట్టూనే తిరిగింది. ఎవరూ తొడగని చొక్కా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కోసం తను ఎంత ఏడ్చాడు! ఆ చెత్తబండి ఆ రోజుల్లో తమ వీధికి వచ్చి ఉంటే తనలాంటి పిల్లలు దాని మీద పడి కొట్టుకునేవారు. అలా ఎవరూ పడకుండా కత్తెరేశారన్నమాట. కూతురి మీద వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని స్థానంలో ఇంకేదో కోపం వచ్చి కూర్చుంది. దాన్ని ఎవరి మీద చూపించాలో మాత్రం ఆయనకి అంతుబట్టలేదు.

సెలవు రోజున ఆయన వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా పిట్ట నీలం గౌను ఒళ్ళో పెట్టుకుని కుస్తీ పడుతోంది. చంక దగ్గర కుట్టు విడిపోయింది, భుజం దగ్గర బట్ట నలిగి పలచబడింది. పైగా ఈమధ్య కాస్త ఒళ్ళు చేయడంతో పక్కలు బిగుతయ్యాయి. పిట్ట సూది పొడుస్తున్న తీరు చూస్తుంటే ఆయనకి పేపర్లో ఒక్క అక్షరం ఎక్కడం లేదు. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో ఒక ముడి. ఎంతసేపని ఓర్చుకుంటాడు?

"ఏంటమ్మా ఆ కుట్టు, గతుకుల రోడ్డులా?"

"మరి నువ్వు వెయ్యి చూద్దాం."

ఆయన పేపరు పక్కన పడేశాడు. "ఇటివ్వు."

పిట్టకి తెలియని సంగతి ఒకటుంది. స్టీరింగు పట్టకముందు డ్రైవరు తన బస్సు డిపోలోనే సీట్ల సెక్షన్‌లో పనిచేశాడు. చిరిగిన బస్సు సీట్లకి కొత్త రెగ్జిన్ తొడిగి, పొడుగాటి సూదితో, మైనం పట్టించిన దారంతో కుట్టడం ఆయన పని. అక్కడి మేస్త్రి మహా గట్టివాడు. అతుకు దగ్గర రెండు వరసలు జంటగా పోవాలి, వరస చివర గుణకారం గుర్తులా చిన్న ముడి పడాలి. అది లేని సీటుని చేత్తో పట్టి చింపి మళ్ళీ కుట్టించేవాడు. డిపోలో డ్రైవర్లు, మెకానిక్కులు వాళ్ళని "సూదిగాళ్ళు" అని ఎగతాళి చేసేవారు. డ్రైవరుగా అవకాశం రాగానే ఈయన ఆ సూదిని వదిలించుకున్నాడు. ఆ ముచ్చట ఇంట్లో ఎత్తనివ్వలేదు. చొక్కా గుండీ ఊడినా భార్యే కుట్టాలి.

ఇప్పుడు అటక మీది పాత రేకు పెట్టె దిగింది. అందులో సూదులు తుప్పు పట్టకుండా నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. పారేయలేదన్నమాట. పిట్ట కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుంటే డ్రైవరు ఠీవిగా మైనం దారం ఎక్కించి, భుజం దగ్గర సూది దించి లాగాడు. పర్రుమంది. దారం తెగలేదు, గౌనే చిరిగింది.

"నాన్నా!"

"ఆగమ్మా, ఆగు." ఆయన నుదుటి మీద చెమట పట్టింది. రెగ్జిన్ మీద ఎద్దులా లాగిన చెయ్యి అది. ఈ బట్ట ఉల్లిపొరలా ఉంది. మేస్త్రి గొంతు చెవిలో గరగరలాడింది: బట్ట బలమెంతో చూసుకుని దారం తియ్యరా, నీ బలం చూసుకుని కాదు. ఆయన పెద్ద సూది పక్కన పెట్టి భార్య సూదుల డబ్బా అడిగాడు. తన పాత బనీను ముక్క కత్తిరించి, చిరుగు కింద ఆసరాగా పరిచాడు. సన్నసూదితో, ఊపిరి బిగబట్టి, రెండు వరసలు జంటగా దించాడు. చివర ముడి వేశాడు. పట్టి లాగి చూశాడు. కదల్లేదు.

"ఇప్పుడు లాగు" అని కూతురి చేతికిచ్చాడు. పిట్ట రెండు చేతులా లాగింది. కుట్టు చెక్కుచెదరలేదు.

"ఇదెక్కడ నేర్చుకున్నావు నాన్నా?"

"ఏదో లేమ్మా, పాత సంగతి" అన్నాడు గాని, పిట్ట వదల్లేదు. ఆ మధ్యాహ్నం సీట్ల సెక్షన్ కథంతా రాబట్టింది.

పనిలో పనిగా పక్కలు కూడా విప్పారు. కాలరు చిరిగి మూలపడ్డ ఆవపిండి రంగు చొక్కా ఒకటి ఉంటే, దాన్నుంచి రెండు పొడుగాటి పట్టీలు తీసి, గౌనుకి చెరోపక్క అతికారు. దాచడం దేనికని పిట్ట పసుపు దారమే ఎంచుకుంది. ఒకవైపు ఆయన కుట్టాడు, రెండోవైపు పిట్ట కుట్టింది. పిట్ట వేసినదాన్ని ఆయన మూడుసార్లు విప్పించాడు. "మేస్త్రి కంటే ఘోరంగా ఉన్నావు నాన్నా" అని విసుక్కుంటూనే మళ్ళీ కుట్టింది. అలా కొన్ని సెలవు రోజులు పట్టాయి. "తండ్రీకూతుళ్ళకి తిండి ధ్యాస కూడా లేదు" అని వాళ్ళమ్మ కంచాలు వసారాలోకే తెచ్చిపెట్టింది.

పూర్తయ్యాక పిట్ట వేసుకుని గిర్రున తిరిగింది. నీలం మీద ఆవరంగు పట్టీలు, వాటి అంచున జంట వరసలు. భార్య తేరిపార చూసి, "బాగుందండీ, కిటికీ పక్క సీటేనా?" అంది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక డ్రైవరు మెల్లగా అన్నాడు: "ఇంట్లో వేసుకోమ్మా. బయటికి మాత్రం ఆ కొత్తది వేసుకో." పిట్ట అవుననలేదు, కాదనలేదు.

ఇంతలో డిపో వార్షికోత్సవం వచ్చింది. ఏళ్ళ తరబడి చిన్న ప్రమాదం కూడా లేకుండా బండి నడిపినవాళ్ళకి ఆ రోజు పతకం ఇస్తారు. ఈసారి ఆ పతకం మన డ్రైవరుకి. కుటుంబాలతో రమ్మన్నారు. ఆయన పట్టలేని సంతోషంతో చెల్లెలికి కూడా కబురు పెట్టాడు. ఆ పొద్దున తన యూనిఫారంతో పాటు తళతళల గౌనుని కూడా స్వయంగా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పరిచాడు.

పిట్ట గదిలోంచి వచ్చింది. ఒంటి మీద నీలం గౌను, ఆవరంగు పట్టీలు.

డిపో అంతా ఉంటుంది. మేనేజరు ఉంటాడు. చెల్లెలు ఉంటుంది.

"నాకైతే ఇదే వేసుకోవాలనుంది నాన్నా" అంది పిట్ట. "కానీ ఇవాళ నీ రోజు. నువ్వు మార్చుకోమంటే మార్చుకుంటా. అలగను."

ఆయన కుర్చీ మీది గౌనుని చూశాడు. కూతుర్ని చూశాడు. భుజం దగ్గర తను ఊపిరి బిగబట్టి వేసిన కుట్టు కనబడింది. ఎంత శుభ్రంగా పడింది! దాన్ని ఇంట్లో దాచమని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"పద, ఆలస్యమవుతోంది" అన్నాడు.

డిపోలో బస్సుల్ని బయటికి తీసి, షెడ్డు కడిగి, కుర్చీలు వేశారు. ఎవరికి వాళ్ళు తళుకుబెళుకులతో వచ్చారు. చెల్లెలు ముందే వచ్చి కూర్చుంది. పిట్టని చూడగానే ఆమె నోరు తెరుచుకుంది. "మళ్ళీ ఆ నీలం..." అంటూ ఉండగానే ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ లేచి వచ్చాడు. డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి గతుక్కుమన్నాడు. సీట్ల సెక్షన్ మేస్త్రి. రిటైరై చాలా కాలమైంది. పాతవాళ్ళందర్నీ పిలిచినట్టే ఆయన్నీ పిలిచారు.

"అమ్మా, ఒక్క నిమిషం నిలబడతావా? ఏమీ అనుకోకు" అని మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని, పట్టీ చివర వంగి చూశాడు. చిన్న గుణకారం గుర్తు మీద ఆయన వేలు ఆగింది. "ఇది మా సెక్షన్ ముడి. బయట ఇంకెక్కడా వెయ్యరు. ఎవరు కుట్టారు దీన్ని?"

"ఇటువైపు మా నాన్న, అటువైపు నేను" అంది పిట్ట.

మేస్త్రి తల తిప్పాడు. "ఒరేయ్, నువ్వట్రా! స్టీరింగు చేతికొచ్చాక సూది మొహం చూడనే లేదనుకున్నానే."

"చూడలేదు మేస్త్రీ. మొన్నే, మా అమ్మాయి కోసం..." డ్రైవరు బడిపిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

మేస్త్రి భుజం మీది కుట్టుని గోటితో మెల్లగా గీరి చూశాడు. "ఇంత పల్చటి బట్ట మీద జంట వరసా! నా చెయ్యి బాగున్న రోజుల్లో కూడా నేను సాహసించేవాణ్ణి కాదురా." డ్రైవరు ముఖం విప్పారేలోపే, "రెండో వరస ఇక్కడ కాస్త వంకరపోయింది" అని కలిపాడు. తర్వాత పిట్ట వైపు తిరిగాడు. "నీ వైపే తిన్నగా ఉందమ్మా."

చెల్లెలు కుర్చీలోంచి లేచి వచ్చి, గౌను అంచు పట్టుకుని చూస్తూ, "అన్నయ్యా, నిజంగా నువ్వే కుట్టావా?" అంది. అనాల్సిన మాట ఏదో మరిచిపోయినట్టుంది.

కాసేపటికి మేనేజరు డ్రైవర్ని వేదిక మీదికి పిలిచి, మెడలో పతకం వేసి, రెండు మాటలు మాట్లాడమని మైకు ముందు నిలబెట్టాడు. ఆయనకి హారన్ కొట్టడమే తెలుసు, మైకు అలవాటు లేదు. చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయాడు. ఎదురుగా వందలమందిలో పసుపు దారం ఒక్కటే కనబడింది.

"బండెలా నడపాలో మీకు నేను చెప్పేదేముంది" అని మొదలుపెట్టాడు. "ఒక సంగతి మాత్రం చెప్తా. ఈ డిపోలో నేను మొదట పట్టుకుంది స్టీరింగు కాదు. సూది. సీట్ల సెక్షన్‌లో చేశాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అదిగో, అక్కడ కూర్చున్న నీలం గౌను పిల్ల మా అమ్మాయి. ఆ గౌను పాతదే. మా చెల్లెల్ని అడగండి, చాలాసార్లు చూసింది."

షెడ్డంతా నవ్వింది. చెల్లెలు చేత్తో మొహం కప్పుకుని తనూ నవ్వింది.

"చిన్నప్పుడు నా చొక్కాకి అతుకులుండేవి. ఇంట్లో లేక వేసిన అతుకులవి. తల ఎత్తలేకపోయేవాణ్ణి. నా పిల్లకి ఆ బాధ ఉండకూడదని తెగ కొన్నాను. మా పిల్ల ఇప్పుడు ఉన్నదాన్నే బాగుచేసుకుని వేసుకుంటానంది. ఇది లేక వేసిన అతుకు కాదు, కావాలని వేసుకున్నది. నేను కొన్న బట్టలు చూసి పొంగిపోయాను గాని, ఈ పిల్లని చూసి పొంగాల్సిందని నాకు ఆలస్యంగా తెలిసింది." మెడలోని పతకం సర్దుకున్నాడు. "అంతేనండీ. మేస్త్రిగారూ, ఆ వంకర వరస ఇంటికెళ్ళి సరిచేస్తాను."

వెనక వరసలో నిలబడ్డ సీట్ల సెక్షన్ కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఇన్నేళ్ళలో వేదిక మీద తమ సెక్షన్ పేరు వినడం వాళ్ళకి అదే మొదలు. పిట్ట లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ, పక్కావిడతో, "ఇంట్లో ఎత్తనివ్వని సంగతి మైకులో చెప్పేశారండీ ఈయన" అంది. ఆ గొంతులో గర్వం దాగలేదు.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజున చెల్లెలు పెద్ద సంచితో దిగింది. "నవ్వకన్నయ్యా. పిల్లాడివి, నావి, అన్నీ చిన్న చిన్న చిరుగులే. పారెయ్యబోయి ఆగాను."

"నవ్వను. కానీ నువ్వే కుట్టాలి. కూర్చో, పిట్ట నేర్పుతుంది. విప్పించడానికి నేనున్నాను" అన్నాడు డ్రైవరు.

ఆ బట్టల షాపు సంగతి కూడా చెప్పాలి. మళ్ళీ సీజన్ మారినప్పుడు సూపర్‌వైజరు మేడమ్ కత్తెర చాపితే, పిట్ట అందుకోలేదు. "ఏ పనైనా చెప్పండి మేడమ్, చేస్తాను. అది మాత్రం నా వల్ల కాదు" అంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. పోలేదు గాని, రోజంతా నిలబడే ఉండాల్సిన ట్రయల్ గదుల దగ్గరికి మార్చారు. ఆ వెనకే ఇంకో ఇద్దరమ్మాయిలు కూడా కత్తెర వద్దన్నారు. గది ఇంకా ఉంది, కత్తెర ఎవరి చేతిలోనో ఇంకా ఆడుతూనే ఉంది. పిట్ట మాత్రం ట్రయల్ గదుల దగ్గర నిలబడి, అడిగినవాళ్ళకల్లా బట్ట ఎలా ఉతికితే ఎక్కువ కాలం మన్నుతుందో, ఏ కుట్టు ముందు విడిపోతుందో విడమరిచి చెబుతుంది. కొందరు విని, చేతిలోవి రెండు పెట్టేసి ఒక్కటే తీసుకెళతారు. మేడమ్ వినీ విననట్టు అటు తిరిగి హ్యాంగర్లు సర్దుకుంటుంది.

ఇక డ్రైవరుకి కొత్త జబ్బు పట్టుకుంది. ఎర్రలైటు దగ్గర బండి ఆగిందంటే చాలు, అద్దంలో ప్రయాణికుల బట్టల అతుకులు చూస్తాడు. మొన్న ఒక కాలేజీ అమ్మాయి ముందు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడింది. దిగబోతుంటే ఆయన పిలిచాడు.

"అమ్మా, భుజం దగ్గర కుట్టు విడుతోంది. ఇవాళే వేసేసుకో, రేపటికి చంక దాకా వెళ్తుంది. కింద మెత్తటి ముక్క పెట్టి వెయ్యి."

ఆ అమ్మాయి భుజం తడుముకుని ఆశ్చర్యపోయింది. "మీకెలా తెలుసు అంకుల్?"

"సీట్ల సెక్షన్‌లో చేశానమ్మా" అన్నాడు డ్రైవరు బస్సంతా వినబడేలా, గేరు వేసి బండి ముందుకు పోనిస్తూ.